కొత్త రోడ్డు - పాత బ్రేకు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా ఉన్న పామేడు పటంలో బస్తర్ ప్రాంతానికి చెందినది. నిత్యజీవితంలో మాత్రం అది దశాబ్దాలపాటు చర్లకు, భద్రాచలానికి చెందిన ఊరుగానే మసలింది. సొంత జిల్లా కేంద్రానికి నేరుగా చేరే దారి హింస కారణంగా మూతబడిపోయిన కాలంలో అక్కడి ప్రజలు బీజాపూర్ వెళ్లాలన్నా ముందు తెలంగాణలోకి దిగి, చుట్టు తిరిగి పోవలసి వచ్చేది. ఉప్పూ, మందులూ, గుడ్డలూ ఏ దారిన వచ్చాయో మోటారు సైకిలూ, దాని విడిభాగాలూ ఆ దారినే వచ్చాయి. తెలుగు, గోండి, హిందీ కలగలిసి వినిపించే ఆ మన్యంలో పాత మోటారు సైకిలు విలాస వస్తువు ఎంతమాత్రం కాదు. రోగిని ఆసుపత్రికి చేర్చేది, తునికాకు సొమ్ముతో సంతకు పోయేది, పిల్లవాణ్ణి హాస్టలులో దింపి వచ్చేది అదే.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ ప్రాంతంలో రహదారుల నిర్మాణం వేగం పుంజుకొన్నది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల రహదారుల కోసం కేంద్ర ప్రభుత్వం 2016 డిసెంబరులో ఒక ప్రత్యేక పథకాన్ని ఆమోదించిన సంగతి విదితమే. తొమ్మిది రాష్ట్రాల్లోని 44 జిల్లాల్లో 5,400 కిలోమీటర్లకు పైగా రోడ్లు, 126 వంతెనలు నిర్మించేందుకు సుమారు 11,725 కోట్ల రూపాయల అంచనాతో ఆ పథకం రూపుదిద్దుకొన్నది. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మూడూ అందులో ఉన్నాయి. రోడ్డు రావడం హర్షించదగ్గ పరిణామమే. అయితే రోడ్డుతోపాటు వేగమూ వచ్చింది. గుంతల బాటపై గంటకు ఇరవై కిలోమీటర్లు మించని బండి నల్లటి తారు మీద అరవై అందుకొంటున్నది. దాని బ్రేకు మాత్రం ఆ గుంతల బాట నాటిదే. రోడ్డుకు కోట్లు కేటాయించిన ప్రభుత్వాలు ఈ బ్రేకు గురించి ఆలోచించిన దాఖలాలు కనిపించవు.

వేగం రెట్టింపు, దూరం నాలుగింతలు

ఇది మాటల గారడీ కాదు, లెక్క. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బండి మంచి బ్రేకులతో పొడి రోడ్డుపై సుమారు ఆరు మీటర్లలో నిలబడుతుంది. అదే బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే ఆగడానికి 23 మీటర్లు కావాలి. వేగం రెట్టింపయితే దానిలో నిండి ఉన్న శక్తి నాలుగింతలు కావడమే ఇందుకు కారణం. ఆ శక్తినంతటినీ బ్రేకు వేడిగా మార్చి గాలికి వదలాలి. ప్రమాదాన్ని చూసి నడిపేవాడి చేయి లివరు మీదికి పోయే ఒక్క సెకనులో బండి మరో 17 మీటర్లు ముందుకు పోతుంది. అరిగిన ప్యాడ్లు, నీరు చేరిన బ్రేక్ ఆయిల్ వల్ల బ్రేకు శక్తి సగానికి పడిపోయిందనుకొంటే ఆ 23 మీటర్లు 46 మీటర్లవుతాయి. అడ్డొచ్చిన పశువుకూ, బడినుంచి వచ్చే పిల్లలకూ, బండి నడిపేవాడికీ ఆ 23 మీటర్ల తేడాయే చావు బతుకుల తేడా.

కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. మరణించినవారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. అతివేగం ప్రధాన కారణమని ఏటా నివేదికలు చెబుతాయి. ఆగవలసిన చోట ఆగలేకపోయిన వేగమే అతివేగమని గుర్తిస్తే, వేగానికీ బ్రేకుకూ ఉన్న సంబంధం దానంతట అదే తేటతెల్లమవుతుంది.

డ్రమ్ము బ్రేకుకూ, డిస్కు బ్రేకుకూ ఉన్న వ్యత్యాసం మన్యం దారులపై మరింత స్పష్టంగా తెలుస్తుంది. డ్రమ్ము మూసి ఉన్న డబ్బా వంటిది. వాగు దాటేటప్పుడు లోపలికి చేరిన నీరు వెంటనే బయటకు రాదు. తడిసిన లైనింగు జారుతుంది. ఎర్రమట్టి దుమ్ము లోపలే పేరుకుపోతుంది. ఘాట్ దిగేటప్పుడు పుట్టిన వేడి బయటకు పోయే దారి లేక బ్రేకు మొద్దుబారుతుంది. డిస్కు బయట గాలికి తిరుగుతూ ఉంటుంది. తడి చప్పున ఆరిపోతుంది, వేడి త్వరగా చల్లారుతుంది. తాలిపేరు వంటి వాగులు, వానాకాలపు బురద, ఉన్నట్టుండి ఎదురయ్యే పశువుల మందలు ఉన్న చోట ఈ గుణాలు ప్రాణప్రదమైనవి.

డిస్కు బ్రేకు కొత్త వింత ఏమీ కాదు. ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ పందెంలో డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు విజయం సాధించిన తరువాతనే ప్రపంచం దాని విలువను గుర్తించింది. రెండేళ్లు దాటిన తరువాత ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీ తన డి.ఎస్. కారుకు ముందు చక్రాలకు వాటిని అమర్చి మార్కెట్లోకి తెచ్చింది. మన దేశంలో మాత్రం సామాన్యుడి మోటారు సైకిలు మీదికి డిస్కు రావడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్ ముందు చక్రానికి డిస్కుతో యువతను ఆకట్టుకొన్నది. అయినా 1994లో మొదలైన స్ప్లెండర్ వంటి బళ్లు లక్షల సంఖ్యలో డ్రమ్ము బ్రేకులతోనే పల్లెలకు చేరాయి. పదిహేనేళ్లు దాటిన తరువాత కూడా అవి చేతులు మారుతూ అడవి అంచు గ్రామాల్లో తిరుగుతున్నాయి. వాటికి తోడు పట్టణాల్లో పదేళ్లు అరిగి సెకండ్ హ్యాండులో వచ్చిన డిస్కు బళ్లూ ఉన్నాయి. మొదటి తరగతి బళ్లకు డిస్కు అమర్చాలన్న కోరిక, రెండో తరగతి బళ్లకు డిస్కును బాగు చేసుకోవాలన్న అవసరం ఇప్పుడు ముందుకు వచ్చాయి.

ఇంటి ముంగిట చేయదగ్గది, చేయరానిది

పామేడు వంటి చోట బండి యజమానే సగం మెకానిక్కు. కంపెనీ సర్వీసు కేంద్రానికి పోవాలంటే ఒక రోజు కూలీ, పెట్రోలు ఖర్చు కలిసి బ్రేకు ప్యాడ్ల ధరను మించిపోతాయి. ఇంటి ముంగిట స్పానరు పట్టుకోవడాన్ని పట్టణంలో సరదాగా భావించవచ్చు గానీ, ఇక్కడ అది గత్యంతరం లేని పని. అలాంటప్పుడు 'బ్రేకు జోలికి పోవద్దు, నిపుణుడి దగ్గరకు పొమ్మను' అనే సలహా వినడానికి బాగున్నా, ఆచరణలో అక్కరకు రానిది. చేయదగ్గది ఏది, చేయరానిది ఏది అని విడమరిచి చెప్పడమే బాధ్యత గల మార్గం.

ప్యాడ్లను చూసుకోవడం, మార్చడం ఓర్పు గల యజమాని చేసుకోగల పనే. ప్యాడుపై అరుగుదలను చూపే గాడి కనిపించకుండా పోయిందంటే దాని ఆయువు తీరినట్లే. ఇనుప పలక డిస్కును తాకి కిర్రుమనే దాకా ఆగితే ప్యాడుతోపాటు డిస్కు ప్లేటూ పోతుంది. డిస్కు ఎంత పలుచబడే వరకు వాడవచ్చో సాధారణంగా దాని మీదనే ముద్రించి ఉంటుంది. అంతకంటే పలుచబడిన డిస్కును సాన పట్టించి వాడటం ప్రమాదకరం. కాలిపర్‌ను విప్పినప్పుడు దాన్ని గొట్టానికి వేలాడదీయరాదు. ప్యాడ్లు బయట ఉండగా లివరు నొక్కరాదు, నొక్కితే పిస్టను బయటకు వచ్చేస్తుంది. కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతే ఒక ప్యాడు అరిగి రెండోది అలాగే ఉండిపోతుంది. మన్యం దుమ్ములో తరచుగా ఎదురయ్యే లోపం ఇదే. ఆ పిన్నులను శుభ్రం చేసి బ్రేకులకు తగిన గ్రీజు రాస్తే సగం జబ్బు నయమవుతుంది. ఆ గ్రీజు చుక్క ప్యాడు మీద పడితే మాత్రం ఆ ప్యాడు పనికిరాదు.

బ్రేక్ ఆయిల్ విషయంలో చూపుతున్న నిర్లక్ష్యం మరీ ఎక్కువ. పేరులో ఆయిల్ ఉన్నంతమాత్రాన అది ఇంజను ఆయిల్‌కు చుట్టం కాదు. ఇంజను ఆయిల్ గానీ, డీజిలు గానీ, పెట్రోలు గానీ తగిలితే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది, లేదా పూర్తిగా వదిలేస్తుంది. సాధారణ బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరిన తరువాత దాని ప్రమాణం 140 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 4 రకానికి ఆ అంకెలు 230, 155. ఘాట్ దిగుతున్నప్పుడు కాలిపర్ వేడెక్కి లోపలి ద్రవం మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు గనుక లివరు బలం చక్రానికి చేరుతుంది. ఆవిరి కుదించుకుపోతుంది గనుక లివరు ఖాళీగా హ్యాండిలును తాకుతుంది. పొడి రోజున పొద్దున చక్కగా పనిచేసిన బ్రేకు మధ్యాహ్నం దిగుడులో మాయమైపోవడం వెనుక రహస్యం ఇదే. వానలు, తేమ అధికంగా ఉండే బస్తర్‌లో రెండేళ్లకొకసారి ద్రవాన్ని పూర్తిగా మార్చడం ఖర్చు కిందికి రాదు. మూత తెరిచి నెలల తరబడి ఉంచిన సీసాలోది పోయడం కంటే పోయకుండా ఉండటమే మేలు. ద్రవం మార్చిన తరువాత గొట్టంలో గాలి మిగలకుండా తీసి, లివరు గట్టిగా తగిలే వరకు నొక్కి చూసి, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి పరీక్షించిన తరువాతనే రోడ్డెక్కాలి.

పిస్టను సీళ్లు మార్చడం, మాస్టర్ సిలిండరు విప్పడం, పగిలిన గొట్టాన్ని అతికించడం మాత్రం ముంగిట్లో చేయరాని పనులు. అతికించిన గొట్టం నిత్యం మోసం చేయకపోవచ్చు. గట్టిగా బ్రేకు వేయవలసిన ఆ ఒక్కరోజునే అది మోసం చేస్తుంది.

ఇక మరో అపాయం కంటికి కనిపించనిది. పాత లైనింగుల్లో, చౌకరకం ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నది. దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారి తీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తూనే ఉన్నది. ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రక్షణపై మన సుప్రీంకోర్టు 1995లోనే విస్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. ఆస్ట్రేలియా 2003 చివర దాని వాడకాన్ని పూర్తిగా నిషేధించగా, అమెరికా 2024 మార్చిలో బ్రేకు భాగాలతో సహా క్రిసోటైల్ రకంపై నిషేధం ప్రకటించింది. మన షెడ్లలో మాత్రం డ్రమ్ము విప్పగానే నోటితో ఊది దుమ్ము దులపడం నేటికీ రివాజు. తడి గుడ్డతో తుడవాలన్న చిన్న జాగ్రత్తను చెప్పేవారు కూడా లేకపోవడం విచారకరం.

చట్టం చెప్పేది, చెప్పవలసింది

డ్రమ్ము స్థానంలో డిస్కు అమర్చడం మరమ్మతు కిందికి రాదు, అది మార్పు. చక్రం మధ్య భాగం, ముందు ఫోర్కు, మాస్టర్ సిలిండరు, లివరు అన్నీ ఒకదానికొకటి పొందిక కలిగి ఉండాలి. మాస్టర్ సిలిండరు కొలత తేడాగా ఉంటే బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, లేదా లివరు చివరి దాకా పోయినా పట్టదు. ఏదో ఒక బండి నుంచి ఊడదీసిన కాలిపర్‌ను వెల్డింగు చేసిన పట్టీపై బిగించిన 'మెరుగుదల' అసలు బ్రేకు కంటే ప్రమాదకరం. కనుక చట్టం ఈ విషయంలో కఠినంగా ఉండటం సబబే.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరం సవరించిన చట్టం అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలుశిక్ష విధించే వీలు కల్పించింది. నాసిరకం భద్రతా భాగాలు అమ్మినవారికి లక్ష రూపాయల జరిమానా కూడా ఆ సవరణలోనే ఉన్నది. అయితే ఆ సవరణలోనే మరో వాక్యమూ ఉన్నది. మార్పులకు, కొత్త భాగాల అమరికకు ప్రమాణాలను, ఆమోద షరతులను కేంద్ర ప్రభుత్వం నిర్దేశించాలని అది చెబుతున్నది. శిక్ష గురించి తెలిసినంతగా ఈ వెసులుబాటు గురించి సామాన్యుడికి తెలియలేదు.

ఒక విచిత్రం ఇక్కడ గమనార్హం. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకంటే చిన్న బళ్లకు రెండు బ్రేకులూ కలిసి పనిచేసే విధానం తప్పనిసరి చేశారు. అంటే కొత్త బండి కొనగలవాడికి ప్రభుత్వం మంచి బ్రేకును చట్టంగా హామీ ఇచ్చింది. పాత బండితో బతుకు వెళ్లదీసేవాడికి మాత్రం మంచి బ్రేకు దారి చూపకుండా, బండి మార్చితే శిక్ష అని మాత్రమే చెప్పింది. పదిహేనేళ్లు నిండిన ద్విచక్ర వాహనం రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 300 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 2,000 రూపాయలు చేశారు. పాత బండిని వదిలించుకొమ్మన్నదే దీని ఆంతర్యం. కొత్త బండి కొనే స్తోమతు ఉన్నవాడు ఆ మాట వింటాడు. లేనివాడు రిజిస్ట్రేషన్ సంగతే మరిచి, అరిగిన బ్రేకుతోనే తిరుగుతాడు. రుసుము పెరిగిన కొద్దీ తనిఖీకి వచ్చే బళ్లు తగ్గిపోతే భద్రతకు ఒరిగేదేమిటి?

పామేడు వంటి సరిహద్దు గ్రామాలకు మరో చిక్కు కూడా ఉన్నది. తెలంగాణలో కొన్న బండి ఛత్తీస్‌గఢ్‌లో పన్నెండు నెలలకు మించి ఉంటే 47వ సెక్షను ప్రకారం అక్కడి నంబరు వేయించుకోవాలి. అందుకు పాత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. సరిహద్దు పల్లెవాసికి ఇది రోజుల తరబడి తిరుగుడు. కాగితాలు సరిలేవన్న భయంతో అతడు తనిఖీ కేంద్రం ఛాయలకు కూడా పోడు. ఆ భయం వల్ల మొట్టమొదట దెబ్బతినేది బ్రేకు పరీక్షే.

చేయవలసినవి

ఈ పరిస్థితి చక్కబడాలంటే పెద్ద పెద్ద నిధులు అవసరం లేదు. ఒకే మోడలులో డ్రమ్ము, డిస్కు రకాలు రెండింటినీ ఒకే కంపెనీ తయారు చేసిన సందర్భాలు అనేకం. అలాంటి చోట డ్రమ్ము బండికి అదే కంపెనీ డిస్కు రకం భాగాలను, గుర్తింపు పొందిన షెడ్డులో అమర్చుకోవడానికి సులువైన ఆమోద విధానం ఉండాలి. గ్యాసు కిట్లకు ఆమోద పద్ధతి ఉన్నప్పుడు ప్రాణం నిలిపే బ్రేకు కిట్లకు అంతే తేటగా ఉండటంలో తప్పేమీ లేదు. తయారీదారుల బాధ్యత బండి అమ్మిన రోజుతో తీరిపోరాదు.

రెండోది, ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడిభాగాలన్నింటికీ జీఎస్టీ 18 శాతంగా ఖరారైంది. అంతకుముందు చాలా భాగాలపై 28 శాతం ఉన్న మాట నిజమే. అయినా బ్రేకు ప్యాడును, అలంకారపు అద్దాన్ని ఒకే గాట కట్టడం ఎంతవరకు సమంజసం? ప్యాడ్లు, లైనింగులు, గొట్టాలు, బ్రేక్ ఆయిల్‌పై పన్నును 5 శాతానికి తగ్గిస్తే ఖజానాకు వచ్చే నష్టం స్వల్పం. అసలు సరుకుకూ, డూప్లికేటుకూ ధరలో తేడా తగ్గితే సంతలో నకిలీ డబ్బాకు గిరాకీ దానంతట అదే తగ్గుతుంది.

మూడోది, శిక్షణ, తనిఖీ. భద్రాచలం, బీజాపూర్ ప్రాంతాల ఐటీఐలు ఏడాదికి రెండుసార్లు, ఒకటి వానాకాలానికి ముందు, మరొకటి పంటలు చేతికొచ్చే వేళకు, సంత రోజున బ్రేకు పరీక్ష శిబిరాలు నిర్వహించవచ్చు. రెండు రాష్ట్రాల రవాణా శాఖలు కలిసి కూర్చుంటే కాగితాల తనిఖీని ఆ ఒక్క రోజుకు పక్కనబెట్టి, బండి ఆగుతుందా లేదా అన్నది మాత్రమే చూడటం అసాధ్యమేమీ కాదు. చేసే పని, చేయరాని పని బొమ్మలతో వివరించే కరపత్రం తెలుగు, గోండి, హిందీ భాషల్లో ప్రతి పంచాయతీకి అందాలి.

ఇలాంటి సడలింపులు అడ్డగోలు మార్పులకు తలుపులు తెరుస్తాయని కొందరు వాదించవచ్చు. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. పెద్ద చప్పుడు సైలెన్సరు, మెరిసే రంగుల చక్రాలు బిగించేవాడికి ఏ సడలింపూ అక్కరలేదు. అయితే ముంగిటి మరమ్మతు ఇప్పటికే జరుగుతున్నది, ఇకముందూ జరుగుతుంది. చీకట్లో జరిగే పనిని వెలుగులోకి తెచ్చి, సరైన భాగంతో, సరైన కొలతతో జరిగేలా చూడటమే చట్టం చేయగల మేలు. నిషేధం కాగితం మీద ఎంత బలంగా ఉన్నా, సంతలో కొన్న నకిలీ ప్యాడును అది ఆపలేదు.

అడవిలోకి రోడ్డు వేయడానికి ఎందరో ప్రాణాలు పోయాయి. ఆ రోడ్డు మీద ఆగలేని బండి కింద మరికొన్ని పోకూడదు. పామేడు నుంచి చర్లకు దిగే ప్రతి బండీ మలుపు దగ్గర నమ్మకంగా ఆగగలిగితేనే, ఆ రోడ్డుపై వెచ్చించిన ప్రతి రూపాయికీ సార్థకత. రోడ్డుకు ప్రారంభోత్సవాలు జరుగుతాయి, శిలాఫలకాలు వెలుస్తాయి. కొన్ని వందల రూపాయల బ్రేకు ప్యాడుకు అవేవీ ఉండవు. పాలకుల దృష్టి దాని మీద కూడా పడటమే ఇప్పుడు కావలసింది.